కుక్కను కాపాడినాయన

పుంగనూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతి మీద మానిన పంటిగాట్లు కనిపించాయి. నోరు ఊరుకోక, "ఏమన్నా, వదిన కరిచిందా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మా కుక్కప్పా. నేను సూది ఏసుకుంటే, పిచ్చికుక్క అని ఊరోళ్ళు దాన్ని కొట్టి సంపేస్తారు. అందుకే సోమల గుట్టల్లో వదిలేసొచ్చినా."

"దానికన్నా సూది ఏపించినావా?"

"ఇంటి కుక్కకు సూది యాలప్పా?"

ఆయన గొంతు బొంగురుపోతుంటే నీళ్ళ సీసా మూత తీసి అందించాను. నీళ్ళు చూడగానే మెడ బిగుసుకుపోయి, వణుకుతూ వెనక్కి ముడుచుకున్నాడు. పిచ్చికుక్క కరిచిన మనిషి నీళ్ళకు భయపడితే ఇక ఏ మందూ పనిచేయదని నాకు తెలుసు.

"గొంతు పట్టేసిందప్పా. మదనపల్లె ఆస్పత్రిలో సూపిచ్చుకొని, తగ్గినాక దాన్ని తోలుకొస్తా" అన్నాడు.

సీసాను సీటు కిందికి తోసేసి, "అట్లే తోలుకొచ్చుకో అన్నా" అన్నాను.