దొర స్కూటరు మీద పోశాలు

దొర పట్నం పారిపోయిన ఏడు, సంఘం వాళ్లు అతని గడీలోని గింజలు ఊరికి పంచారు. తరిగొప్పుల పక్కనున్న ఆ పల్లెలో తలా ఒక బస్తా మోసుకుపోతుంటే, పోశాలు మాత్రం కొట్టంలో తుప్పుపట్టిన దొర మోటారు స్కూటరును నెట్టుకుంటూ ఇంటికొచ్చాడు.

"అందరు జొన్నలు తెచ్చుకుంటే నువ్వు ఇనుము తెచ్చినవా? ఉడకేసి పెడత, తిందువు రా!" అంది భార్య యాకమ్మ.

ఆ బండితో పోశాలుది ఏళ్ల సావాసం. అదీ వెనకనుంచే. దొర ఎక్కి కూర్చుంటే, వెట్టికి పట్టుకొచ్చిన పోశాలు అది ఫట్‌ఫటమనేదాకా నెట్టాలి. ముఖం నిండా పొగ, చెవుల నిండా తిట్లు. ఒక్కసారి ఆ సీటు మీద కూర్చుని ఊరు చూడాలని అతని కోరిక.

సంఘం పెద్ద కొమురయ్య గడువు పెట్టాడు. "వచ్చే అంగడి దాకా చూస్త, పోశాలన్నా. నడవకుంటే కొలిమిల పెట్టి నాగళ్లకు కర్రులు కొట్టిస్త."

పోశాలు చింతపండు పులుసుతో తుప్పు తోమాడు. చెప్పులు కుట్టే మొగిలి పాత తోలు కోసి, ఇంజనులో అరిగిన బిళ్లల చోట బిగించాడు. గాలి నిలవని టైర్లలో యాకమ్మే, తిడుతూ తిడుతూ, చిరిగిన గొంగడి కుక్కింది. కమ్మరి వెంకన్న వంగిన చక్రం సరిచేశాడు. కుడిపక్కన ఒక ఇనుప కాడ ఉంటే, దొర ఏనాడూ దాన్ని తొక్కలేదు కదా, ఉత్తదేనని పోశాలు దాన్ని ఊడదీసి వెంకన్నకిచ్చేశాడు. వెంకన్న దాన్ని కొడవలి చేసుకున్నాడు. అది కాలితో తన్ని బండిని లేపే కాడని, నెట్టే మనుషులుండగా దొర కాలెందుకు కదుపుతాడని ఎవరికి తట్టింది?

పెట్రోలు కోసం పోదామంటే దారంతా మిలిటరీ. తండానుంచి గంగి ఇప్పసారా కుండ తెచ్చింది. అందులో కాసింత ఆముదం కలిపి పోశారు.

అంగడి రోజు ఊరంతా చూస్తుండగా పోశాలు ఎక్కి కూర్చున్నాడు. కూర్చుని, వెనక్కి చూశాడు. నెట్టేచోట ఎవరూ లేరు. ఆ చోట ఎప్పుడూ ఉండేది తనే మరి! ఎవర్నని పిలుస్తాడు? ఏ నోటితో నెట్టమంటాడు?

"అట్ల చూస్తవేంది? గట్టిగ పట్టుకో!" అంటూ కొమురయ్యే తలరుమాలు నడుముకు చుట్టి చెయ్యేశాడు. మొగిలి వచ్చాడు, వెంకన్న వచ్చాడు, గంగి వచ్చింది. చివరికి యాకమ్మ కొంగు దోపుకుంది.

ఫట్‌మంది! సారా తాగిన బండి కదా, తిన్నగా పోతుందా? గడప గడపకూ ఊగుతూ మొక్కింది. దాని పొగ పీల్చిన కోళ్లు మూడు రోజులు తూలుతూనే తిరిగాయి. ఆఖరికి గడ్డివాములో దూరి పడుకుంది.

పోశాలు జుట్టునిండా గడ్డితో లేచి, అందరికీ చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లొచ్చాయి.

"కర్రులకు ఇంకో ఇనుము చూస్తంలే," అన్నాడు కొమురయ్య.

పొద్దుగూకేదాకా పోశాలు ఒక్కొక్కరినే ఎక్కించి నెడుతూనే ఉన్నాడు. యాకమ్మ వంతు వచ్చింది.

"జర నిమ్మలంగ నెట్టయ్యా! గడీకి పోయేదుందా, గాబర దేనికి?"