డీల్ అంటే

దీపావళి మధ్యాహ్నం నువ్వు కొత్త పేక పెట్టె విప్పావు చూడు, ఆ మైనపు వాసన మురుకుల నూనె వాసనతో కలిసి నా ముక్కుకి తగిలేసరికి, నేను తెలుక్ ఇంటాన్ పక్కన రబ్బరు తోటలో మా కూలీల లైను ఇంటి గడప మీద కూర్చున్నట్టే అయింది. ఆ పైన నువ్వు "డీల్ నాదే లా, అమ్మమ్మా" అన్నావు మన మలేషియా యాసలో. ఆ మాట గుచ్చుకుంది. రాసుకో, చెప్తాను.

తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. అడవిలో దాక్కున్నవాళ్లకి తిండి అందకూడదని మా లైన్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. నాన్న చెట్లు గీయడానికి వెళ్తుంటే గేటు దగ్గర సిపాయిలు ఖాళీ బాల్టీలో కూడా చెయ్యిపెట్టి బియ్యం కోసం వెతికేవాళ్లు. అయినా ఆదివారం ఆదివారమే. పులిసిన రబ్బరు పాల వాసన, అమ్మ వేయించే ఎండుచేపల వాసన, రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగూడు నీడలో పరిచిన గోనెపట్టా, దాని మీద నాన్న, కొట్టు నడిపే చైనా తౌకే, తోట ఆఫీసు గుమాస్తా కిరాణి మావ. ముక్కలు పంచాల్సినప్పుడల్లా కిరాణి మావ "డీల్!" అని అరిచేవాడు. నాకు ఇంగ్లీషు నేర్పింది కూడా ఆయనే.

"ఓరి సింహాచలం, నీ కూతురు దొరసాని అయిపోతాది సూడు."

"ముందు దొంగాట మానీసి ముక్కలు పంచండి బాబూ," అనేవాడు నాన్న.

ఒకరోజు చెట్ల మధ్య బియ్యం మూట దొరికింది. అడవిలోవాళ్లకి అది తౌకే కొట్టు నుంచే వెళ్తోందని అతన్ని పట్టుకెళ్లారు. మర్నాడు తెల్ల ఆఫీసరు మా గుమ్మంలోకి వచ్చాడు. నాన్న ఇంట్లో లేడు. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఎనిమిదేళ్లదాన్ని, నాకొచ్చుగా అని ముందుకి ఉరికాను. ఆయన వంగి, నవ్వుతూ, మీ నాన్న తౌకేతో డీల్ చేస్తాడా అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఏటంతన్నాడే?" అంది అమ్మ.

"నాన్న తౌకేతో పేకాడతాడా అని అడుగుతన్నాడమ్మా."

"ఆడితే ఏటయ్యింది? నిజమే సెప్పీ."

"యెస్ సర్, ఎవ్రీ సండే," అన్నాను గొప్పగా.

డీల్ అంటే బేరం అని, చాటుమాటు ఒప్పందం అని నాకెవరు చెప్పారు? ఆ సాయంత్రమే నాన్నని లారీ ఎక్కించారు. విచారణ లేదు, ఏమీ లేదు. మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చింది. కంచె దగ్గర కొత్త జెండా ఎగరేసి పిల్లలకి మిఠాయిలు పంచారు. అమ్మ తలుపు తియ్యలేదు.

ఆ తర్వాత ఎప్పటికో వచ్చాడు నాన్న, పళ్లన్నీ రాలిపోయి. అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అన్నాడు.

"మన ఆదివారం సంగతి ఇంగిలీసులో సెప్పగలిగినోడు ఆ కిరాణి ఒక్కడే."

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కిరాణి మావ మూడుసార్లు గుమ్మం దాకా వచ్చాడు. నాన్న కూర్చోమనలేదు. చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆఫీసరుకి చెప్పింది నేనని నేను చెప్పనూ లేదు.

ఇప్పుడక్కడ రబ్బరు లేదు, అంతా పామాయిలు తోటే. లైన్లు పడగొట్టేశారు. అమ్మా నాన్నా, కిరాణి మావా ఎవరూ లేరు. కిరాణి మావ కూతురు మాత్రం పట్నంలో బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉందట, తెలుగు రాదట. ఇదంతా ఆమెకి ఇంగ్లీషులో రాసి పంపించు. మీ నాన్న ఏ పాపం ఎరగడని మొదటే రాయి. చెప్పింది నేనని, నా పేరు పెట్టి రాయి.