ఈశాన్య మూలలో కెమెరా

ఇంటికి కెమెరాలు పెట్టించాలని పట్టుబట్టింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది రాయడం సులువు. పాప పడుకుంది. వంట గదిలో పని అయిపోయింది. ఇప్పుడైతేనే ఇది కుదురుగా రాయగలను.

చింతామణిలో మా ఇల్లు ఊరి చివర కొత్త లేఅవుట్‌లో ఉంది. రెండు పక్కలా ఖాళీ సైట్లే. మా ఆయనది పట్టుగూళ్ల వ్యాపారం. తెల్లవారకముందే శిడ్లఘట్ట మార్కెట్టుకు బయలుదేరితే తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అంతసేపూ ఇంట్లో మా అత్త, నేను, రెండున్నరేళ్ల నా కూతురు. ఆ ఏడాది రెండు వీధుల అవతల ఎవరో తాగడానికి నీళ్లడిగి, తెచ్చిచ్చిన ముసలామె మెడలో గొలుసు తెంపుకుపోయారు. అది విన్న వారంలోనే నా కూతురు గేటు గడియ తీయడం నేర్చుకుంది. ఒక పొద్దున వెతికితే గేటు బయట, ఆకుకూరలామె గంప పక్కన కూర్చుని మెంతికూర కట్ట విప్పుతూ దొరికింది. ఆకుకూరలామె నవ్వింది. నేను పాపను ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. ఆమె స్థానంలో ఇంకెవరైనా ఉండి ఉంటే అన్న ఆలోచన తర్వాత ఎన్నాళ్లయినా వదల్లేదు.

గేటుకు తాళం వేద్దామంటే వచ్చేపోయేవాళ్లకు పదిసార్లు తీయాలని అత్త ఒప్పుకోలేదు. అందుకని కెమెరా.

పెట్టడానికి చిక్కబళ్లాపురం నుంచి ఒకాయన వచ్చాడు. నలభై దాటినవాడు. భుజాన తీగ చుట్ట, చేతిలో డ్రిల్లింగ్ మిషన్.

"ఇండ్లకు యాడ పెట్టిస్తారక్కా, నాకు ఇదే మొదటిది. నగల అంగళ్లకే పెట్టినా. మీ ఇంట్లో అంత బంగారం ఉండాదా?" అన్నాడు నాతో.

వరండా మెట్టు మీద అనపకాయలు వొలుస్తున్న అత్త తలెత్తకుండానే జవాబిచ్చింది. "ఉండాదప్పా. రెండున్నరేండ్లది ఒకటి ఉండాది. నిలిచిన చోట నిలవదు."

ఆయన వాకిట్లో అటూ ఇటూ నడిచి, గోడలు చూసి, చివరికి తలవాకిలి పైన సజ్జ కింద వేలు పెట్టి చూపించాడు. అక్కడ పెడితే గేటు, వరండా మెట్లు, వాకిలి, నేలలోని నీళ్ల సంపు అన్నీ ఒకే చూపులో వస్తాయన్నాడు. కానీ సరిగ్గా అక్కడే దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది.

"దీన్ని ఒక జానెడు జరిపితే చాలమ్మా."

"జానెడైనా జరిపేదే కదప్పా. గృహప్రవేశం దినం కట్టింది. అది తానుగా కుళ్లి రాలితే అప్పుడు అమావాస్యకు కొత్తది కట్టుకుంటాము. అందాకా ఎవురూ ముట్టేది లేదు."

"అది ముందర ఊగుతా ఉంటే చీకట్లో కాయే తెల్లగా వెలుగుతాది. ఇంకేమీ కనిపించదు."

"కనిపించకపోతే పాయె. నీ కెమెరాకు దిష్టి తగలకుండా అదే కాపాడతాది."

ఆయన నావైపు చూశాడు. నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ కెమెరాలకు ఇంట్లో ఒప్పించడానికే నాకు రెండు నెలలు పట్టింది. గుమ్మడికాయ దగ్గర గొడవ మొదలైతే మొత్తం పని ఆగిపోతుందని భయపడ్డాను. వరండాకు ఈశాన్యం మూల స్తంభం ఉంది. దాని మీద పెట్టమన్నాను.

"ఆడైతే గేటు బాగా వస్తాది, వచ్చినోళ్ల మొగం గూడా తెలుస్తాది," అన్నాడాయన నిచ్చెన జరుపుతూ. "గానీ అక్కా, కెమెరా కాళ్ల కింద దానికి కనిపించదు. అది గుర్తు పెట్టుకోండి."

"కాళ్ల కిందికి ఎవరొస్తారప్పా? వచ్చేవాళ్లు గేటు దాటే కదా రావాల."

ఆ మాటన్నది నేను. డిగ్రీలో ఫిజిక్సు చదివి, కటకాల మీద పరీక్ష రాసిన నేను.

పని ఒక పూటలో అయిపోయింది. గోడకు రంధ్రం బయటివైపు కిందకు వాలేలా వేశాడు, వాన నీళ్లు లోపలికి రాకుండా. తీగను లోపలికి దూర్చే ముందు కింద ఒక వంపు వదిలాడు. నీళ్లు తీగ వెంట పాకినా ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతాయట. ఆ చిన్న పని నాకు నచ్చింది. రెండో కెమెరా పెరట్లో, మా ఆయన బండి నిలిపే రేకుల షెడ్డు వైపు. తీగలన్నీ తెల్ల పైపులో పోయి హాల్లో రికార్డు చేసే పెట్టెకు చేరాయి. అక్కడి నుంచి ఇంకో తీగ వంటింటికి లాగించి, బాగేపల్లిలో మా పుట్టింటివాళ్లు మూలన పెట్టిన చిన్న టీవీని తెప్పించి బియ్యం డబ్బా మీద పెట్టాను.

ఆ రోజు నుంచి నా వంట అటు చూస్తూనే. పాప వరండాలో ఆడుకుంటుంది. గేటు వైపు పోతే తెర మీదకు వస్తుంది. రాలేదంటే వరండాలోనే ఉన్నట్టు. అదీ నా లెక్క. మా ఆయన మార్కెట్టు నుంచి ఫోను చేసి, "మీ చానెల్లో ఈ పొద్దు ఏమొస్తాంది?" అని అడిగేవారు. "కుక్క. ఇప్పుడే పోయింది," అనేదాన్ని. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

వాస్తు ప్రకారం ఈ పక్క ఇళ్లన్నిటికీ నీళ్ల సంపు ఈశాన్యంలోనే ఉంటుంది. మాదీ అంతే, ఆ స్తంభం మొదట్లో, కెమెరాకు సరిగ్గా కింద. మున్సిపాలిటీ నీళ్లు వారానికోసారి వస్తాయి, ఏ గంటకొస్తాయో ఎవరికీ తెలియదు. కుళాయి, మా మాటలో నల్లి, కూడా సంపులోనే. ఇనుప మూత పక్కకు లాగితేనే తిప్పగలం. మిగతా రోజుల్లో మూత మీద పాత రుబ్బురాయి ఉంటుంది.

పెట్టిన నెలకు, ఒక పొద్దున పది గంటలప్పుడు నీళ్లొచ్చాయి. అత్త రాయి జరిపి, మూత లాగి, నల్లి తిప్పి, నిండేలోపల స్నానాలగది తొట్టి కడుగుదామని వెనక్కి పోయింది. పాప నా దగ్గర ఉందనుకుంది. నీళ్లొచ్చిన సంగతే నాకు తెలియదు. మిక్సీలో చట్నీ తిరుగుతోంది. నేను తెర చూస్తున్నాను. గేటు మూసి ఉంది. గడియ వేసే ఉంది.

అప్పుడు తెర అడుగు అంచు దగ్గర ఏదో మెరిసింది. సన్నగా, పాములాగా, గేటు దాకా సాగి, అక్కడ మడుగు కట్టింది. నీళ్లు. ఎక్కడి నీళ్లు అనుకున్నాను. మరుక్షణం మిక్సీ ఆపకుండానే పరుగెత్తాను.

సంపు నిండి పొర్లుతోంది. నా కూతురు దాని అంచున గొంతుక్కూర్చుని, రెండు చేతులూ ముంచి నీళ్లు చరుస్తోంది. గౌను ముందు భాగమంతా తడిసింది. నన్ను చూసి నవ్వి, "అమ్మా, గంగమ్మ!" అంది. నీళ్లొచ్చినప్పుడు అత్త అనే మాట అది. రెక్క పట్టి గుంజితే భయపడి ఏడ్చింది.

ఏడుపు విని అత్త వచ్చింది. మూతనూ, నన్నూ, పాపనూ చూసింది. నల్లి కట్టేసి, మూత లాగి, రాయి ఎత్తి పెట్టింది. ఆ తర్వాత నోరు తెరిచింది.

"టీవీ ముందర కూచుంటే బిడ్డ యాడుండాదో తెలుస్తాదా?"

"మీ గుమ్మడికాయ అడ్డం లేకపోతే తెలుస్తా ఉండె అత్తా," అన్నాను.

పాపను ఎత్తుకుని లోపలికి పోయి, ఇంకా తిరుగుతున్న మిక్సీ ఆపాను.

మర్నాడు నేను పెసలు ఏరుతుంటే అత్త పక్కన కూర్చుని, చేట తన వైపు లాక్కుని అడిగింది. "ఆ పెట్టెలో నిన్నటిది ఉంటాదా?"

"పదిహేను దినాలుంటాదత్తా. ఆమీట కొత్తది పాతదాన్ని తుడిచేస్తాది."

"నేను మూత తీసి ఇడిసిపెట్టి పోయేది కనిపిస్తాదా?"

"కనిపించదు. అది కెమెరా కాళ్ల కింద."

అత్త పెసల్లో రాళ్లు ఏరుతూనే ఉంది. నేను చెప్పింది నిజమే. చెప్పనిది ఇంకొకటి ఉంది. ముందురోజు సాయంత్రమే ఆ రికార్డు వెనక్కి తిప్పి చూశాను. అత్త అందులో లేదు, పాప లేదు, పరుగెత్తిన నేనూ లేను. గేటు, నేల, నీళ్ల గీత, అంతే. ఆ గీత మొదటిసారి కనిపించినప్పటి నుంచి మా మిక్సీ శబ్దం కూడా లేని ఆ రికార్డులో, తెర మూల ఉన్న గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. అది గేటు దగ్గరికి చేరి, అక్కడ చిన్న మడుగు కట్టి, మడుగు పెద్దదయ్యేదాకా నాలుగు నిమిషాలు. నేను పరుగెత్తేటప్పుడు తెర మీద ఉన్నది ఆ పెద్ద మడుగే. నాలుగు నిమిషాలు ఆ నీళ్లు నా కళ్ల ముందే పారాయి. నేను గడియ ఒక్కటే చూస్తున్నాను.

ఆ వారం కెమెరా ఆయన మళ్లీ వచ్చేసరికి సజ్జ కింద ఖాళీగా ఉంది. గుమ్మడికాయ కట్టిన తాడు మాత్రం ఊగుతోంది. నిచ్చెన తనే పట్టుకుని నిలబడి, అత్త చెప్పింది: "ఈడ పెట్టప్పా. సంపు నడిమధ్యకి వచ్చేటట్ల తిప్పు. గేటు కొంచెం తక్కువొచ్చినా ఫరవాలేదు."

"మరి కాయమ్మా?"

"అది ఆ మూలకు పోతాది. నీ స్తంభం మేకు అట్లే ఉండనీ."

ఇప్పుడు గుమ్మడికాయ సంపు మీద వేలాడుతోంది. మూతకు కొక్కెం వేయించి తాళం పెట్టాం. తాళంచెవి అత్త నడుముకు దోపుకుంటుంది. గేటుకూ తాళం వచ్చింది. పదిసార్లయినా తనే లేచి తీస్తోంది. వంటింటి టీవీని నేను తీసేయలేదు, కానీ పాప ఇప్పుడు వంటింట్లో నా కాళ్ల దగ్గర, గిన్నెల మధ్య ఆడుకుంటుంది.

ఆ నాలుగు నిమిషాలను నేను చెరిపేయలేదు. మా ఆయనకు చూపించనూ లేదు. పదహారో రోజు ఆ తేదీ కోసం పెట్టెలో వెతికితే లేదు. ఆ మరుసటి రోజు మొదలుకొని ఉంది. తేదీల వరుసను ఒకసారి పైనుంచి కిందికి చూసి, ఆపేసి, పాపకు అన్నం కలపడానికి లేచాను.