జంక్షన్‌లో కట్టిన ఎనిమిది ఫోటోలు

మొన్న కళ్ళ డాక్టరుగారికి చూపించుకుని రాజమండ్రి నుంచి తిరిగొస్తుంటే, వంతెన ఎక్కేముందు బస్సు ఆగిపోయి ఇరవై నిమిషాలపాటు కదల్లేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన పెద్ద హోర్డింగు, అందులో తెల్లజుట్టు దంపతులిద్దరు టీ కప్పులు పట్టుకుని నవ్వుతున్నారు. పెద్దవాళ్ళ కోసం ప్రత్యేకంగా కట్టిన ఫ్లాట్లట, పిలిస్తే పలికే నర్సులు, నడవడానికి తోట. నా పక్క సీటాయన అటు చూసి, మా బావగారు బుక్ చేసుకున్నారండి, చాలా బాగుంటాయట అన్నాడు, పెళ్ళికి మండపం మాట్లాడుకున్నంత మామూలుగా. నాకు ఇక ఆ సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. దిగి నడిచిపోదామా అనిపించింది. ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావడానికి ఒకప్పుడు మా ఊళ్ళో మేం నలుగురం ఎన్ని గడపలు ఎక్కి దిగామో ఆయనకేం తెలుసు?

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి. సహకార సంఘంలో గుమాస్తాగా ఎరువుల గోడౌను తాళాలు మోస్తూ రిటైరయ్యాను. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. జ్వరాల మీద, తేనెటీగల మీద, దూరదేశాల రైళ్ళ మీద, బల్లమీద ఏది ఉంటే అది చదివేవాణ్ణి. నా వయసువాళ్ళలో ఇలా చదువుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళకి నా గర్వం అర్థమవుతుంది.

ఈ కథకి మూలం మా మేనత్త. చిన్నప్పుడే భర్త పోయి, పిల్లలు లేక, కొబ్బరిపీచు తాళ్ళ సంఘంలో ముప్ఫైమంది ఆడవాళ్ళ మీద మేస్త్రీగా బతికిన మనిషి. ఎనభై దాటాక స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక మా ఇంటికే తెచ్చుకున్నాం. నాలుగు నెలలు చూశాం. మంచం మీంచి లేపాలంటే ఇద్దరు బలమైన మనుషులు కావాలి, మా ఆవిడకి నడుంనొప్పి, నాకు అప్పటికే అరవై దాటాయి. ఒకరోజు లేపబోయి నేనే ఆవిణ్ణి జారవిడిచాను. ఎముక విరగలేదు గాని ఆ రాత్రినుంచి నాకు నిద్ర లేదు. చివరికి రాజమండ్రిలో డబ్బు తీసుకుని చూసుకునే చోట చేర్పించాం. శుభ్రంగానే ఉండేది, మర్యాదగానే చూసేవారు. కాని రెండో అంతస్తు, కిటికీ తీస్తే పక్కింటి గోడ. ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. నన్ను చూడగానే ఒకే మాట. "ఇక్కడ నన్ను తిట్టేవాళ్ళు లేర్రా. నేను తిడదామన్నా వీళ్ళు పరాయివాళ్ళాయె. నన్ను మన ఊరు తీసుకుపో."

అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి. కాలవగట్టు రోడ్డులో పశువుల ఆస్పత్రి పక్కన ఖాళీగా పడున్న పెంకుటిల్లు ఒకదాన్ని దాని యజమాని ఊరికి రాసిచ్చాడు. దాన్ని పెద్దవాళ్ళు తోడుతో బతికే ఇల్లుగా మారుద్దామని కమిటీ వేసుకున్నాం. అధ్యక్షులు మా ఆవిడ మేనమామ, రిటైరైన హెడ్మాస్టరు. మేమందరం మావయ్యగారనే అనేవాళ్ళం. నర్సుగా చేసి రిటైరైన మా వదినగారు, జాలరిపేటలో పడవలున్న, నాకు తమ్ముడి వరసయ్యే ఒకాయన సభ్యులు. నేను కార్యదర్శిని. జీతం భత్యం ఎవరికీ లేవు.

తలుపు ఎంత వెడల్పుంటే చక్రాల కుర్చీ పడుతుందో, అడుగు ఎత్తు ఎక్కాలంటే వాలుదారి ఎంత పొడుగుండాలో, స్నానాలగదిలో పట్టుకునే కమ్మీ ఏ ఎత్తున బిగించాలో, అన్నీ రాజమండ్రి గ్రంథాలయంలో కూర్చుని నోటుబుక్కులోకి ఎక్కించుకొచ్చాను. తాపీమేస్త్రీ నన్ను చూస్తే చాలు పుస్తకంగారొచ్చారు అనేవాడు. ఆశ్రమం అన్న పేరు వింటే మావాళ్ళు గడప దాటనివ్వరని, తోడిల్లు అని పేరు కూడా నేనే పెట్టాను.

నర్సునీ ఇద్దరు ఆయాలనీ పెట్టుకోవాలంటే కనీసం ఆరుగురైనా చేరాలి. మా అత్తతో కలిపి ఎనిమిదిమందిని ఒప్పించేసరికి ఏడాది పైనే పట్టింది. అందులో సగం కాలం మా మర్యాదలే తినేశాయి. ఒకరు రాకపోతే సమావేశం వాయిదా, వచ్చినా కాఫీలయ్యేదాకా అసలు మాట ఎత్తకూడదు, అందరూ ఊఁ అంటే తప్ప ఏదీ తీర్మానం కాదు. మావయ్యగారు తొందరపడకండి అన్నప్పుడల్లా నేను లేచి వరండాలో పచార్లు చేసేవాణ్ణి. ఆదివారం వెళ్తే అత్త మళ్ళీ అదే మాట అడిగేది.

చివరికి ప్రారంభానికి ముహూర్తం కుదిరింది. ఫ్లెక్సీ వేయించాలన్నారు. అక్కడ నా తెలివి అడ్డొచ్చింది. నాయకుల బొమ్మలూ మా కమిటీ బొమ్మలూ ఎందుకు, ఆ ఇంటికి అసలు మనుషులు అందులో ఉండబోయేవాళ్ళే కదా, వాళ్ళ ఫోటోలే వేద్దాం, ఇది గౌరవం అని వాదించాను. అందరూ ఊఁ అన్నారు, ఆశ్చర్యంగా మొదటిసారే. ఫోటోలు పంపిస్తే ఫ్లెక్సీ షాపతను తన దగ్గరున్న డిజైన్లో వాటిని అమర్చి నా ఫోన్‌కి పంపాడు. చూశాను. ఎనిమిది పేర్లలో ఒక్క అక్షరం తప్పు లేదని మురిసిపోయి సరే అన్నాను. ఆ ఎనిమిదిమంది వెనక తామరపువ్వులూ, రెండు పక్కలా దీపాలూ, మేఘాల్లోంచి దిగే వెలుగూ ఉన్నాయన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

మా వైపు ముసలివాళ్ళ ఫోటో దీపాల మధ్య జంక్షన్లో కట్టారంటే దానికి ఒకటే అర్థం. పెద్దకార్యం.

తెల్లారేసరికి కట్టించాం. ఎనిమిది గంటలకి తుని నుంచి ఫోను, మా పిన్ని ఎప్పుడు పోయిందండీ, మాకు కబురైనా చెప్పలేదేంటి అని ఒకావిడ ఏడుపు. తొమ్మిదింటికి అన్నవరం వైపునుంచి ఒక ఆటోనిండా చుట్టాలు దిగారు. దారినపోయే పెద్దమనిషొకాయన నా పక్కన నిలబడి ఎనిమిదిమందినీ పైనుంచి కిందికి చూసి, పడవ ప్రమాదమా అండీ అని మెల్లిగా అడిగి, భోజనాలు ఎన్నింటికో కూడా కనుక్కున్నాడు. ఇంతలో మా కమిటీలోని జాలరిపేట తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. అతని తల్లి, చూపు ఆనకపోయినా రోజూ కోడలి పక్కన చేపల తట్ట దగ్గర కూర్చునే మనిషి, ఆ ఎనిమిదిమందిలో ఒకావిడ.

"అన్నయ్యగారండీ, మా అమ్మ అక్కడ తట్టకాడ బేరమాడతంటే జనం జడుసుకుని పోతన్నారండి! బతికున్న మనిషిని స్తంభానికి కట్టేశారేంటండీ?"

అప్పుడు తలెత్తి చూశాను. మొదటిసారి సరిగ్గా చూశాను. మా అత్త తామరపువ్వులోంచి నన్నే చూస్తోంది.

గంటలో ఫ్లెక్సీ దింపేశాం గాని అపశకునం దిగలేదు. సాయంత్రానికి ఇద్దరు, వారం తిరిగేసరికి మిగతా అయిదుగురూ రామన్నారు. కోపంతో కాదు, భయంతో. ఒకావిడైతే నా చేతులు పట్టుకుని, నీ మీద కోపం లేదు నాయనా, నా ఫోటో ఒకసారి అలా కట్టాక ఆ ఇంట్లోకి ఎలా అడుగుపెట్టను అంది. ఆ రాత్రి నా నోటుబుక్కు మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఆరుగురు కావలసిన చోట మా అత్త ఒక్కతే మిగిలింది. ముహూర్తం దాటిపోయింది, ఆషాఢం వచ్చింది. ఆ ఆదివారం నేను రాజమండ్రి వెళ్ళలేదు. మొహం చెల్లలేదు.

మరుసటి ఆదివారం వెళ్ళి అంతా చెప్పేశాను. అత్త బాగా చిక్కిపోయింది, గొంతు పీలగా అయిపోయింది. కళ్ళు మూసుకుని వింది. విని, పొట్ట కదిలేలా నవ్వడం మొదలెట్టింది. "నా ఫోటో బాగా పడిందట్రా?" బాగానే పడిందన్నాను. "అయితే ఇంకేం. కర్మ కూడా అయిపోయింది, ఇంక నాకు భయమేంటి? రేపే తీసుకుపో." ఒక్కరి కోసం నర్సుని పెట్టలేమన్నాను. పైగా ఆషాఢంలో కొత్తింట్లో అడుగుపెట్టడానికి మావయ్యగారు ఒప్పుకోరన్నాను. "నేనేమన్నా కొత్తకాపరానికి వెళ్తున్నానట్రా, ఆషాఢం అడ్డం రావడానికి!"

ఆ మాట విన్నాక మావయ్యగారు కూడా కాదనలేకపోయారు. మిగతావాళ్ళు చేరేదాకా నర్సు పని నేను చేస్తానని వదినగారు పెట్టె సర్దుకుని వచ్చేశారు. మా తమ్ముడు పడవ మనుషుల్ని ఇద్దర్ని, అత్తని లేపి కూర్చోబెట్టడానికి పూటకోసారి పంపేవాడు. అంబులెన్సు ఊళ్ళోకి రాగానే అత్త జంక్షన్లో ఆపమంది, చేపల బేరాలు జోరుగా సాగే వేళకి. తలుపులు తీయించి, స్ట్రెచర్ మీద నుంచే చెయ్యి ఊపింది. "ఏంటర్రా అలా చూస్తారు, వెళ్ళాను, అక్కడ చోటు లేదన్నారు, వచ్చేశాను!"

ఆ రోజే మిగతా ఏడుగురికీ కబురు పెట్టింది, నేను మంచాన పడి వస్తే పలకరించడానికి ఒక్కరూ రారేంటని. మా వైపు ఎంత పగున్నా మంచంలో ఉన్న మనిషిని పలకరించకుండా ఉండరు. వచ్చారు, ఒక్కొక్కరూ, పళ్ళూ బిస్కట్ ప్యాకెట్లూ పట్టుకుని. కమ్మీలు పట్టుకుని చూశారు, వాలుదారి మీద నడిచి చూశారు. మా తమ్ముడి తల్లికీ అత్తకీ పాతికేళ్ళ నాటి పులస చేప మీద ఏదో తగాదా ఉందట, అది మళ్ళీ మొదలైంది, తెగలేదు, దాంతో ఆవిడ సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. శ్రావణం వెళ్ళేసరికి ఆరుగురయ్యారు.

అత్త ఆ ఇంట్లో ఒక్క వానాకాలం ఉంది. దీపావళి ముందు, తెల్లవారుతుండగా, వదినగారి చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. ఏడాది పైన మేం తాగిన కాఫీల్లో ఓ సగం తగ్గించి ఉంటే రెండు వానాకాలాలు ఉండేదేమో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వదు.

తోడిల్లు ఇప్పుడు పెద్దదైంది. కొత్త కమిటీవాళ్ళు సమర్థులు, అనుకున్న పని అనుకున్న రోజున చేస్తారు. చేరడానికి ఎవరూ సిగ్గుపడటం లేదు, పక్క జిల్లాల నుంచి కూడా వరసలో ఉన్నారు. దరఖాస్తులో వయసు, బరువు, షుగరు, బీపీ అన్నీ అడుగుతారు. మా రోజుల్లో కాగితం లేదు. ఎవరి పక్క మంచమైతే మీకు ఇష్టం, ఎవరిదైతే అసలు వద్దు అని మేం మొట్టమొదట అడిగేవాళ్ళం, ఆ జవాబులతోనే ఒక పూట గడిచిపోయేది. ఇప్పుడా ప్రశ్నకి చోటు లేదు, ఉన్నా చెప్పడానికి ఒకళ్ళనొకళ్ళు ఎరిగినవాళ్ళు లేరు.

మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పటి కార్యదర్శిగారు క్రితం నెలలో ఆ దరఖాస్తు ఒకటి నాకూ ఇచ్చి, మీకైతే వరస అక్కర్లేదండి అన్నారు. ఎంతో గౌరవంగానే ఇచ్చారు. పేరు రాశాను, వయసు రాశాను. అంతకు మించి కలం కదలడం లేదు. అప్పుడు ఏడిళ్ళ గుమ్మాల్లో నిలబడి, ఇంకా ఆలోచిస్తారేంటండీ, ఒప్పేసుకోండి అని ఎంత విసుక్కున్నానో. వాళ్ళు లోపలికి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవారు.