మాత్ర మానిన పదకొండు రోజులు

ఆ రోజు ఉదయం నా భార్య కరుణ బైబిల్లో కీర్తన చదువుతూ సగంలో ఆగింది. గ్రంథం ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి ఊపిరి పీల్చింది. రెండు వాక్యాలు చదివి మళ్లీ ఆగింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమో అప్పా, ఊపిరాడ్డం ల్యా."

మా ఇంట్లో రోజూ వాక్యం చదివేది ఆమే. ఏ రోజు భాగం ఆ రోజు గట్టిగా చదివి, అందులోని మాటలతోనే ప్రార్థన చేసేది. పుట్టుకతో క్రైస్తవుణ్ని నేను. ఆమె ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, నన్ను చేసుకుని పెనుకొండ వచ్చింది. నేను టైలర్‌ని, ఇంటి ముందు గదే నా షాపు. ఆమె చదువుతుంటే మిషను ఆపి వినేవాణ్ని. నా ప్రార్థన అంతే.

హిందూపురంలో గుండెకు ఎకో స్కాన్ తీశారు. గుండెలో మైట్రల్ వాల్వ్ బాగా దెబ్బతిందన్నారు. బెంగళూరులో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ పెట్టారు. డిశ్చార్జ్ రోజు డాక్టర్ ఒకే మాట మూడుసార్లు చెప్పారు: "వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఈ బ్లడ్ థిన్నర్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. డోసు సరిపోతోందో లేదో చూడ్డానికి నెలనెలా ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష చేయించాలి. ఒక్కరోజు కూడా మానకూడదు."

రెండేళ్లు మానలేదు. కానీ ఆ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి నెలసరి రక్తస్రావం పది పన్నెండు రోజులైనా ఆగేది కాదు. మనిషి పాలిపోయింది. డాక్టరుతో చెబుదామా అని ఒకసారి అడిగాను.

"మొగ డాక్టరుకు ఏమని సెప్పల్ల? వద్దులే" అంది.

నేను మళ్లీ అడగలేదు.

నలభై రోజుల ఉపవాస కాలం వచ్చింది. ఒక ఉదయం చదవాల్సిన భాగం, పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి. వైద్యుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ప్రభువు వస్త్రం అంచు ముట్టుకుని బాగుపడిన ఆమె. కరుణ చదవడం పూర్తి చేసి చాలాసేపు ఏడ్చింది.

"ఈ మాట నాకే వచ్చిందప్పా. ఈ దినాలన్నీ మాత్ర ముట్టను. ఆయన్నే ముట్టుకుంటా."

వద్దని చెప్పి ఉండాల్సింది. ఆమె విశ్వాసం ముందు నాది చాలా చిన్నదనిపించింది. నోరెత్తితే పాపమేమో అనుకున్నాను. "నీ ఇష్టం" అన్నాను.

కొన్ని రోజులకే రక్తస్రావం తగ్గింది. ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది. మాత్ర మానేసిన సంగతి చెప్పలేదు, ఆ స్త్రీకి ఆగినట్టే తనకూ ఆగిందని మాత్రమే చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పదకొండో రోజు ఉదయం గ్రంథం ముందు కూర్చుంది. తల వాలి ఉంది. ప్రార్థనలో మునిగిందనుకున్నాను. అడ్డుపడకూడదని షాపులోకి వెళ్లి ఒక రవికెకు రెండు చేతులూ కుట్టాను. వచ్చి చూస్తే అలాగే ఉంది. కుడిచెయ్యి నేలమీద పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగింది. పేరు పెట్టి పిలిస్తే నన్ను చూసింది. నేనెవరో తెలుసు. మాట మాత్రం రాలేదు.

హిందూపురంలో సీటీ స్కాన్ చేస్తూ డ్యూటీ డాక్టర్ అడిగారు: "స్ట్రోక్ ఎన్ని గంటలకు మొదలైంది?"

నాకు తెలియదు. రవికె చేతులు కుట్టినంత సేపు అని ఎలా చెప్పను?

"బ్లడ్ థిన్నర్ రోజూ వేసుకుంటున్నారా?"

ఇది తెలుసు. చెప్పాను. ఆయన రాయడం ఆపి నా మొహంలోకి చూశారు.

అక్కణ్నుంచి బెంగళూరు తీసుకెళ్లాం, ఆపరేషన్ చేసిన డాక్టర్ నెమ్మదిగా వివరించారు. "మాత్ర ఆపారు కాబట్టే బ్లీడింగ్ తగ్గింది. మాత్ర ఆపారు కాబట్టే వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టింది. దాని ముక్క మెదడుకు వెళ్లింది. బ్లీడింగ్ ఉందని ఒక్క మాట చెప్పి ఉంటే డోసు సరిచూసేవాళ్లం, గైనిక్ డాక్టరుకు చూపించేవాళ్లం. దానికి మందులున్నాయి." ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మా అత్త ధర్మవరం నుంచి వచ్చింది. కూతురి కాళ్ల దగ్గర నిలబడి నన్ను అడిగింది: "మీ దేవుడు మాత్రలు మానమని యాడన్నా సెప్పినాడా అప్పా?"

"లేదత్తా."

"మల్ల నువ్వేం జేస్తాంటివి?"

మా పాస్టరుగారు కూడా వచ్చారు. "ఉపవాసమంటే అన్నం మానడమప్పా, మందు గాదు. నన్నొక మాట అడిగుంటే" అని ఆపేసి, తల పట్టుకుని కూర్చున్నారు.

ఆమెకు వచ్చినదాన్ని అఫేజియా అంటారట. మనం అన్నది చాలావరకు అర్థమవుతుంది, తాను అనాలనుకున్నది బయటికి రాదు. చదువు కూడా పోయింది. ఫిజియోథెరపీ కోసం ధర్మవరంలో అత్త ఇంటికి చేర్చి, షాపు మూసి నేనూ అక్కడే ఉన్నాను. కుడికాలు ఈడుస్తూ నడవడం మొదలుపెట్టింది, నాలుగు మాటలు వచ్చాయి. రెండో నెలలో ఫిట్స్ వచ్చి ఆ నాలుగూ పోయాయి. ఆ రోజుల్లో ఒక ఉదయం నేను గ్రంథం తెరిస్తే ఎడమచేత్తో మూసేసింది. తర్వాత నెలల తరబడి మాకు ప్రార్థన లేదు. నాకూ చేయాలనిపించలేదు.

హిందూపురంలో స్పీచ్ థెరపిస్ట్ అన్నారు: "ఆమెకు బాగా అలవాటైనవి చదవండి. మధ్యలో ఆగి, తర్వాతి మాట ఆమెకు వదిలేయండి."

ఆమెకు అలవాటైనది ఇంకేముంది? భయపడుతూనే 'యెహోవా నా కాపరి' అనే కీర్తన తీశాను. ఈసారి మూయలేదు. కాపరి నీళ్ల దగ్గరికి నడిపించే చోట, 'జలముల' అన్న మాట ముందు ఆగాను. మాట రాలేదు. మరుసటి రోజూ రాలేదు. మూడు వారాలు అక్కడే ఆగుతూ పోయాను. ఒక ఉదయం, గ్రంథంలోని మాటతో కాదు, తన మాటతో "నీళ్లు" అంది.

పట్టుదారం చుడుతున్న మా అత్తకు కీర్తన సంగతి తెలియదు. "నీళ్లడుగుతాండాది!" అని పరుగున వెళ్లి చెంబుతో తెచ్చింది. కరుణ ఆ నీళ్లన్నీ తాగింది. నేను ఆ రోజు ఇంక చదవలేకపోయాను.

పెనుకొండ తిరిగి వచ్చాక, కరుణ సాక్ష్యం చెప్పిన చోటే నిలబడి సంఘానికి జరిగిందంతా చెప్పాను. రక్తం ఎందుకు ఆగిందో, నేను ఎందుకు నోరు మూసుకున్నానో చెప్పాను. కరుణ ముందు వరసలో కూర్చుని వింది.

ఇప్పుడు ఆమెకు ముప్పై దాకా మాటలు వచ్చు. వాటిలో నా పేరు లేదు. ఉదయం నేను చదువుతాను, వచ్చిన చోట ఆమె మాట కలుపుతుంది. మాత్ర నా చేత్తో వేస్తాను. నెలనెలా బస్సులో హిందూపురం వెళ్లి ఐఎన్‌ఆర్ చేయిస్తాం. నన్ను క్షమించావా అని ఒకసారి అడిగాను. తల ఊపింది. అవునో కాదో నాకు తెలియలేదు. అఫేజియాలో రెండూ తారుమారవుతాయని థెరపిస్ట్ అన్నారు.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మందు వల్ల ఒంట్లో ఏ ఇబ్బంది వచ్చినా, అది ఎంత సిగ్గుపడే సంగతైనా, మందు మానకముందు డాక్టరుకు చెప్పండి. ఆడవాళ్లు వద్దులే అంటే అక్కడితో వదలకండి. రెండోసారి కూడా అడగండి.