ఆమె అడిగిన ఒక్క అబద్ధం

ఈ మధ్య మా కాలేజీలో పరిశోధన మొదలుపెట్టే పిల్లలకు పద్ధతులు చెప్పమని నన్ను నిలబెడుతున్నారు. పెద్దవాణ్ని కదా, నిలబడుతున్నాను. వివరాలు ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు అనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోర్డు వైపు తిరిగి ఏదో ఒకటి రాస్తాను. నేను ఎవరి పేరూ బయటపెట్టలేదు. పెట్టలేదని ఇప్పటికీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను, అదే నా సిగ్గు.

వికారాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్తాను. పీహెచ్‌డీ లేకపోతే పై మెట్టు ఎక్కనివ్వరు కాబట్టి నలభై దాటాక ఆ పని నెత్తికెత్తుకున్నాను. మా గైడు విషయం వినగానే పెదవి విరిచాడు. "ఒక్క కామర్స్ అంటే ఎవరు చూస్తరయ్యా? ఇప్పుడంతా కలిపి చేస్తున్నరు. జర సైకాలజీ వెయ్యి, జర సామాజిక చరిత్ర వెయ్యి, మీద మేనేజ్‌మెంట్ ఉండనే ఉన్నది" అన్నాడు. కిచిడీకి సామాను చెప్పినట్టే చెప్పాడు. నేనూ అట్లాగే వండాను. తాండూరులో నాపరాయి పాలిష్ పట్టే యూనిట్లలో పనిచేసేవాళ్లు తమ కష్టం యజమానికి ఎందుకు చెప్పుకోరు అన్నది నా ప్రశ్న. కొత్తగా వచ్చిన పరిశోధన పేపర్లు తెప్పించుకుని చదివాను. మనసు గురించి రాసినవాళ్లు ఆ మౌనానికి ఒక పేరు పెట్టారు, చరిత్ర రాసినవాళ్లు ఇంకో పేరు పెట్టారు, వ్యాపారం గురించి రాసినవాళ్లు దానికే బాణం గుర్తులతో బొమ్మ గీశారు. నాకు అన్నీ నచ్చాయి. అన్నిటినీ వాడుకున్నాను.

పొద్దున రైల్లో తాండూరు పోయి, అక్కణ్నుంచి ఆటోలో ఒక యూనిట్‌కు పోయేవాణ్ని. యజమానిది వ్యవసాయ కుటుంబం. కంది వేసే చేను కింద రాయి పడింది, ఆ రాయి ఆయన్ను వ్యాపారిని చేసింది. మర్యాదస్తుడు. "లోపలికి పోయి ఎవరినైనా అడుగుండ్రి సార్, మనకాడ దాపరికం లేదు" అన్నాడు. లోపల మిషన్ల మోతకు నా గొంతు నాకే వినిపించేది కాదు. అందుకని అన్నం తినే వేళ రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి అడిగేవాణ్ని.

అక్కడే ఆమె పరిచయమైంది. నలభై అయిదేళ్లుంటాయి. బొంరాస్‌పేట దగ్గరి ఊరు, గొర్లు కాసుకునే ఇల్లు. మంద అమ్మేశాక మొగుడితో తాండూరు వచ్చింది. మొగుడు కరణ్‌కోట వైపు గనుల్లో పనికి పోతాడు, ఆమె పాలిష్ మిషన్ మీద. నా ప్రశ్నల కాగితం ఆమెకు చదివి వినిపించాను. "నా అభిప్రాయాలను యాజమాన్యానికి స్వేచ్ఛగా వ్యక్తపరచగలను. పూర్తిగా అంగీకరిస్తాను, కొంతవరకు అంగీకరిస్తాను..." అని ఇంకా అంటూనే ఉన్నాను, ఆమె నవ్వేసింది.

"గదేం భాష సారూ? నీ ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడుతవా?" అంది.

కాగితం పక్కన పెట్టాను. తన జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు. ఆ రొట్టె తింటుండగానే చెప్పింది. "గొర్లెంబడి తిరిగినప్పుడు మందల ఏ గొర్రె దగ్గిందో చూడకుంటనే చెప్పేదాన్ని సారూ. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగ పోయింది. మిషన్ కాడ నిలబడీ నిలబడీ పోయింది. ఎవ్వరికి ఎరుకలే. గిది మాత్రం రాయకు, తెలిస్తే మిషన్ మీదికెల్లి తీసేస్తరు."

"రాయనక్కా" అన్నాను. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టాను, ఆమెకు కనిపించేటట్టు.

తిరుగు రైలు ధారూర్ దాటకముందే అదంతా నా నోట్‌బుక్‌లో ఉంది. పేరు రాయను కదా, పేరు లేకపోతే ఏమవుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదీ అనుకోలేదు, ఇంత మంచి మాట నాకు దొరికిందని సంబరపడ్డాను.

ఆ ఏడాది మా కాలేజీలో సెమినార్ పెట్టారు. చరిత్రవాళ్లు, సైకాలజీవాళ్లు, మేము, అందరం ఒకే వేదిక మీద. మా దగ్గర భోజనాలు ఎవరు పెట్టిస్తే వాళ్లే ముఖ్య అతిథి. ఈసారి భోజనాలు ఆ యూనిట్ యజమానివి. నేనే అడిగి ఒప్పించాను. ఆయనకు శాలువా కప్పాం. నా పేపరు కాపీ ఒకటి రెండు చేతులతో ఆయనకు అందించి, మైకు దగ్గరికి పోయి చదివాను. గొర్రె దగ్గు, పోయిన చెవి సంగతి రాగానే హాలంతా కదిలింది. ముందు వరసలో ఒక మేడమ్ కళ్లు తుడుచుకుంది. ముఖ్య అతిథి కూడా చప్పట్లు కొట్టాడు. ఆ రోజు భోజనం దగ్గర నన్ను పట్టలేకపోయారు.

వారం తర్వాత తాండూరు పోతే మిషన్ దగ్గర ఇంకెవరో ఉన్నారు. ఆమె బయట ఎండలో, విరిగిన రాతి ముక్కలు తట్టకెత్తుతోంది. నన్ను చూసి తట్ట దించింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గొర్ల కాడికెల్లి వచ్చి మిషన్ మీద ఉన్న ఆడమనిషి ఈడ నేనొక్కదాన్నే సారూ. పేరు రాయకుంటే ఏంది?" అంది. "వినపడక చెయ్యి మిషన్ల వడితే ఎవరికి పరేషాన్ అని తీసేసిండు. బయటి పని లారీ వస్తేనే ఉంటది. వారంల రెండొద్దులు."

ఆమే మళ్లీ అంది. "ఒక్కటి జెయ్. గది నేను కాదని చెప్పు. ఉత్తగనే కల్పించి రాసిన్నని చెప్పు. చదువుకున్నోనివి, నువ్వు చెప్తే నమ్ముతడు."

నేను చదువుకున్నవాణ్ని కాబట్టి వెంటనే ఒక సాకు దొరికింది. "అక్కా, మిషన్ దగ్గరే ఉంటే రెండో చెవి కూడా పోతుంది కదా" అన్నాను.

"చెవి నాది సారూ. పని గూడ నాదే" అంది.

చెప్తానని మాటిచ్చాను. ఇచ్చాక మూడు వారాలు తాండూరు వైపు పోలేదు. కల్పించి రాశానంటే ఆ మాట గైడు దాకా పోకుండా ఉండదు. ఇన్నేళ్ల చదువు బూడిదలో పోసినట్టవుతుంది, పై మెట్టు సంగతి మరిచిపోవలసిందే. ఇది నా భయం. అది చాలదన్నట్టు, ఆ నెలలోనే మా కాలేజీ పైకి పంపే ఫైలులో ఒక వాక్యం చేరింది. మా పరిశోధన వల్ల ఒక మహిళా కార్మికురాలికి శబ్దం నుంచి విముక్తి కలిగిందట. సమాజానికి జరిగిన మేలు అనే గడిలో రాశారు. కింద సంతకం నాది.

చివరికి ఒక మధ్యాహ్నం పోయాను. యజమాని గది అద్దాల గది, మోత వినిపించకుండా కట్టించుకున్నాడు. చాయ్ తెప్పించాడు. నేను సంగతి ఎత్తేలోపే ఆయనే ఎత్తాడు. "సార్, ఆమె ఒకటే చెప్తున్నది, గది నేను కాదు, సారు కల్పించి రాసిండు అని. మీరొచ్చి చెప్తరని రోజూ అంటున్నది. మీరు చెప్తే ఇయ్యాల్నే మల్ల మిషన్ మీద పెడత. కల్పించి రాసిన్రా?"

అంత తేలికగా అడిగాడు. అవును అంటే చాలు. మూడక్షరాలు.

"లేదండి, నిజమే" అన్నాను. ఊరుకోకుండా "ఆమె ఆరోగ్యం కోసమే కదా" అని కూడా అన్నాను.

తల తిప్పితే అద్దం అవతల ఆమె నిలబడి ఉంది. నేను వచ్చానని చూసి తట్ట కింద పెట్టి, గది వైపే మొహం పెట్టి నిలబడింది. మిషన్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లు మాట కోసం ఆగరు, పెదాలు చూస్తారు. నా పెదాలు ఏమన్నాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంగి తట్ట ఎత్తుకుని పోయింది.

తర్వాత వారం నుంచి ఆమె పనికి రావడం మానేసిందని విన్నాను. కర్ణాటక సరిహద్దు దాటి ఇంకో యూనిట్‌లో చేరిందని ఒకరన్నారు. చేరి ఉంటే అక్కడా చెవి సంగతి దాచుకునే ఉంటుంది. నాకు పీహెచ్‌డీ వచ్చింది. పై మెట్టూ వచ్చింది.

ఒకటి మిగిలింది, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ థీసిస్ వెనక కట్ట కట్టి జోడించిన ప్రశ్నల ఫారాల్లో చాలావాటిని ఏ కార్మికుడూ నింపలేదు. మనుషులు దొరకని రోజుల్లో తాండూరు స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఒకసారి నీలం పెన్నుతో, ఒకసారి నల్ల పెన్నుతో, నేనే టిక్కులు పెట్టాను. లేని మనుషులకు వయసులు వేశాను, ఊళ్లు ఇచ్చాను, అభిప్రాయాలు కూడా ఇచ్చాను. వాటి మీదే పట్టికలు కట్టాను. అన్ని అబద్ధాలు రాసినప్పుడు నా పెన్ను ఒక్కసారైనా ఆగలేదు. నాకు సగం రొట్టె పెట్టిన మనిషి తన కోసం ఒక్కటి చెప్పమన్న రోజునే నేను సత్యం తప్పనివాణ్నయ్యాను.