ఆగలేదు, ఆలోచిస్తోంది

పళ్ల డాక్టరు గారి కారు ఏనాడూ ఆగిపోలేదు. నమ్మకపోతే ఆయన్నే అడగండి. నడిరోడ్డు మీద, వెనక బస్సులు బారులు తీరి హారన్లు మోగిస్తుంటే, బానెట్ సందుల్లోంచి పొగ చిమ్ముతుంటే, ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి తాపీగా "ఆగలేదండీ, ఆలోచిస్తోంది" అంటారు. "చెడిపోయింది" అనే మాట ఆ నోట ఎవరూ వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనుషుల్ని మనం చాలామందిని చూశాం. ఈయన కుందేటికి నాలుగు చక్రాలు కూడానూ.

అది మామూలు కారు కాదు లెండి. సినిమాహాలు యజమాని ఒకాయన మంచి రోజుల్లో విదేశం నుంచి ఓడలో తెప్పించుకున్నది. హాలు మూతపడ్డాక డాక్టరు గారు ముచ్చటపడి కొన్నారు. మూతి మీద రెక్కలు చాపిన వెండి కొంగ, లోపల నున్నటి టేకు చెక్క, తోలు సీట్లు, వెనక కిటికీలకు పట్టు తెరలు. తలుపు వేస్తే ఠప్పుమని మోగదు, మెత్తగా 'ధుబ్' అంటుంది. ఆ చప్పుడు వినడానికే డాక్టరు గారు రోజూ పొద్దున్నే ఎక్కడికీ వెళ్లకపోయినా ఒకసారి తలుపు తీసి వేసేవారు. నడిచినప్పుడు దాని దర్జా చెప్పనలవి కాదు. నడవనప్పటి సంగతి వీధి వాళ్లకి బాగా తెలుసు, తోసేది వాళ్లే కాబట్టి. అందుకే దానికి తోపుడు బండి అని పేరు పెట్టారు. కూరగాయలమ్మే ఆయన మాత్రం ఆ పేరుకి ఒప్పుకోలేదు. "నాది తోపుడు బండి. నేనొక్కణ్ణి తోస్తే కదుల్తుంది. దాన్నీ దీన్నీ ఒకటి చెయ్యకండి" అన్నాడు.

డాక్టరు గారు క్లినిక్ మూసేశారు గానీ వైద్యం మానలేదు. రోగి మారింది, అంతే. బానెట్ ఎత్తేముందు "ఏదమ్మా, కాస్త నోరు తెరవండి" అంటారు. పొడుగాటి కాడ ఉన్న గుండ్రటి అద్దం లోపలికి పెట్టి, ప్లగ్గుల వెనక ఒక్కొక్కదాన్నీ పరకాయించి చూస్తారు. కొక్కెం సూదితో మసి గోకుతారు. దూది కుక్కుతారు.

"అంత గట్టిగా తుడవకోయ్, చిగుళ్లు సున్నితం" అన్నారోసారి, సాయం చెయ్యబోయిన భార్యతో.

"దానికి చిగుళ్లెక్కడివండీ?"

"రబ్బరు వాషర్లున్నాయి కదా! వాటిని మరేమంటారు?"

భార్య హెడ్మాస్టరమ్మ. ఉద్యోగం అయిపోయినా ఆ పిలుపు పోలేదు. పిల్లలు అల్లరి చేస్తే క్షమించేవారు, అబద్ధమాడితే మాత్రం బెంచీ ఎక్కించేవారు. బట్టతలలొచ్చిన శిష్యులు ఇప్పటికీ ఆవిడ ఎదురుపడితే చొక్కా గుండీలు సర్దుకుంటారు. అలాంటి మనిషి తన పదవీ విరమణ సభకి పట్టుచీర మీద నల్లటి చేతి ముద్రలతో వెళ్లారు. బడి గేటు కనిపిస్తుండగా కారు ఆలోచనలో పడింది మరి. వెనకాలే నడిచొస్తున్న ఉపాధ్యాయులందరూ తలో చెయ్యి వేశారు. సన్మానం పొందవలసిన మనిషి తన ఊరేగింపుని తానే తోసుకుంటూ లోపలికొచ్చారు. వేదిక మీద దండ వేస్తుంటే ఆవిడ మాత్రం మొదటి వరసలో కూర్చున్న మొగుడి వంకే చూస్తున్నారు. ఆయన పైకప్పు వంక చూస్తున్నారు.

ఆవిడకి ఆ కారు చేసిన నేరాలన్నీ కంఠతా వచ్చు. అత్తగారి గోడగడియారం ఎవరింట్లో ఉండాలని ఆడపడుచుతో మాటా మాటా పెరిగి, ఇద్దరికీ ముఖాలు చూసుకోవడాలు లేని రోజుల్లో, ఒక పెళ్లికి ఇద్దర్నీ ఈ కారులోనే ఎక్కించారు డాక్టరు గారు. సగం దారిలో, కుండపోత వానలో, కారు ఆలోచించింది. వదినా ఆడపడుచులు మడమల దాకా బురదలో దిగి తోశారు.

"మా అన్నయ్య చిన్నప్పట్నుంచీ ఇంతే వదినా! మూడు చక్రాల సైకిలు కూడా నాచేతే తోయించుకునేవాడు."

"నీకు చిన్నప్పుడేనమ్మా, నాకు జీవితాంతం!"

తిట్టడంలో ఏకమయ్యి, తడిసి ముద్దయి, పకపకా నవ్వుకుంటూ పెళ్లికి చేరారు. ఇప్పుడు ఫోను పట్టుకుంటే ఇద్దరూ వదలరు. అయినా హెడ్మాస్టరమ్మ గారు ఆ సంగతిని "వానలో తడిపి జ్వరం తెప్పించింది" అనే నేరం కిందే జమ కట్టారు.

ఓర్పుకీ ఒక హద్దుంటుంది. ఓ రోజు కారు సరిగ్గా ఇంటి గేటులో, సగం లోపల, సగం బయట ఆలోచించడం మొదలెట్టి మర్నాటి దాకా తెమల్లేదు. హెడ్మాస్టరమ్మ గారు పాలప్యాకెట్టు కోసం స్టూలేసుకుని ప్రహరీ గోడ ఎక్కారు. అవతలివైపు స్టూలు లేదన్న సంగతి గోడ మీద కూర్చున్నాక గుర్తొచ్చింది. అటూ దిగలేక ఇటూ దిగలేక ఉన్న ఆవిడకి, రోడ్డున పోతున్న పాత శిష్యుడొకడు గుండీలు సర్దుకుని మరీ నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారంతో తాడో పేడో తేల్చుకోవాల్సిందేనని ఆవిడ నిర్ణయించుకున్నారు.

"ఆదివారం సాయంత్రం పాతసామాన్ల వ్యాపారి క్రేను తీసుకుని వస్తాడు. అంతకుముందు కంటాసుపత్రికి వెళ్లి రండి, నేనూ వస్తాను. పోనూ రానూ దారిలో ఎక్కడా ఆగకపోతే సరే, అతన్ని వెనక్కి పంపేస్తా. ఒక్కసారి ఆగిందా, అది అటు, మనం ఇటు."

"ఆగదోయ్. మహా అయితే..."

"ఆలోచించినా ఆగినట్టే లెక్క!"

డాక్టరు గారి మొహం పాలిపోయింది. ఆ వారమంతా సరిగ్గా తిండి తిన్నది లేదు. అద్దమూ, సూదీ, దూదీ పట్టుకుని బానెట్ లోనే కాపురం పెట్టారు. తలుపు 'ధుబ్' మనే చప్పుడు రోజుకి పదిసార్లు వినిపించేది. వంటింట్లోంచి అది వింటున్న హెడ్మాస్టరమ్మకి జాలేసింది, నిజంగానే వేసింది. కానీ గోడ గుర్తొచ్చి మనసు గట్టి చేసుకున్నారు.

ఇక కంటాసుపత్రే ఎందుకంటే, అక్కడ వీధి చివరి టైలర్ల తల్లికి కళ్లాపరేషన్ అయింది. ఆదివారమే కట్టు విప్పుతారు. ఆ టైలర్లిద్దరూ అన్నదమ్ములు. అన్న చొక్కాలు కుట్టేవాడు, తమ్ముడు ప్యాంట్లు. తండ్రి చేతి కత్తెరతో తమ్ముడు ఓ రోజు క్యాలెండరు కాగితం కోశాడు. బట్ట కోసే కత్తెరతో కాగితం కోయడం దర్జీల్లో ఎంత ఘోరమో దర్జీలకే తెలియాలి. అన్న నానా మాటలూ అన్నాడు, తమ్ముడు రెండు కలిపాడు, దుకాణం మధ్యలోకి చెక్క గోడ వచ్చేసింది. అప్పట్నుంచీ ఉప్పూ నిప్పూ. అన్న తన ప్యాంటు తానే కుట్టుకుంటున్నాడు, తమ్ముడు తన చొక్కా తానే కుట్టుకుంటున్నాడు. ఫలితం ఒంటి మీద కనిపిస్తూనే ఉంది గానీ, చెప్పే ధైర్యం ఎవరికుంది?

తల్లి ఇద్దరికీ ఒకటే చెప్పింది. "కట్టు విప్పగానే మీ ఇద్దర్నీ పక్కపక్కన చూడాలిరా." ఇద్దరూ ఒకటే జవాబిచ్చారు. "నేనొస్తానమ్మా. వాడి సంగతి నాకు తెలీదు."

డాక్టరు గారు ఇద్దరికీ విడివిడిగా "మా కారులో రావయ్యా" అని చెప్పారు. రెండోవాడున్నాడని ఇద్దరికీ కారెక్కాకే తెలిసింది.

హెడ్మాస్టరమ్మ గారు ఎప్పుడూ వెనకే కూర్చునేవారు. ముందు సీట్లో స్ప్రింగొకటి లేచి గుచ్చుతుంది. ఆవేళ మాత్రం న్యాయనిర్ణేత కదా, దిండు వేసుకుని మరీ ముందు కూర్చున్నారు. అన్నదమ్ములు వెనక చెరో కిటికీకి అతుక్కున్నారు.

కారు కదిలింది. ఏం కదలిక అది! నీళ్ల మీద బాతులా జారిపోతోంది. కొంగ ఎండకి మెరుస్తోంది. స్కూటర్ల వాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు. హెడ్మాస్టరమ్మ గారు తనకి తెలియకుండానే కాస్త నిటారుగా కూర్చున్నారు. 'ఇదిలాగే నడిస్తే ఎంత బాగుండు' అని కూడా అనుకున్నారు.

వెనక మాత్రం వాతావరణం వేరు.

"డాక్టరు గారూ, అటుపక్కాయన్ని మోకాలు ఎడంగా పెట్టుకోమనండి."

"డాక్టరు గారూ, ఈ సీటు ఎవడబ్బ సొత్తూ కాదని చెప్పండి."

"మీ ఇద్దరి అబ్బా ఒక్కడే కదయ్యా!" అన్నారు డాక్టరు గారు.

ఆసుపత్రి బోర్డు కనిపించింది. ఎదురుగా చిన్న ఎత్తు, అది ఎక్కితే గేటు.

"ముందు నేను లోపలికెళ్తాను. నేను బయటికొచ్చాకే ఆయన్ని రమ్మనండి."

"కట్టు విప్పేది ఒక్కసారేనని చెప్పండి. ముందు వెళ్లేది నేనే."

"అయితే గుమ్మంలోనే తేల్చుకుందామనండి!"

డాక్టరు గారు అద్దంలో ఇద్దర్నీ చూశారు. తర్వాత వెండి కొంగ వంక చూశారు. పన్ను ఇక పీకక తప్పదని తేల్చుకున్నప్పుడు ఆయన మొహం ఎలా బిగుసుకునేదో హెడ్మాస్టరమ్మకి తెలుసు. ఇప్పుడు అలాగే బిగుసుకుంది. ఆయన ఎడమచెయ్యి స్టీరింగ్ వదిలి, డాష్‌బోర్డు కిందికి వెళ్లింది. అక్కడ తళతళలాడుతూ చిన్న కుళాయి. ఆవిడ గుర్తుపట్టారు. క్లినిక్కులో రోగులు పుక్కిలించుకునే గిన్నె మీద ఉండేది, కుర్చీ అమ్మినప్పుడు కనిపించకుండా పోయిందన్న కుళాయే అది. ఇప్పుడు పెట్రోలు గొట్టానికి అమర్చుకుని కూర్చుంది. ఆయన దాన్ని నెమ్మదిగా కట్టేశారు.

కారు కొంచెం దూరం వెళ్లి, ఖళ్లుఖళ్లున దగ్గి, ఎత్తు మొదట్లో నిలబడిపోయింది.

"ఆగలేదండీ" అన్నారు డాక్టరు గారు. "ఆలోచిస్తోంది."

ఆఖరి బెంచీలో చీటీ రాసేవాణ్ణి భుజం కదలిక చూసి పట్టేసిన మనిషి ఆవిడ. ఆయన భుజం చూశారు. ఈయన తన చేతులారా పందెం ఓడిపోయారు. సాయంత్రం క్రేను వస్తుందని తెలిసే కట్టేశారు. ఆవిడ వెనక్కి తిరిగి ప్రార్థన సమయంలో వాడే గొంతుతో అరిచారు.

"ఏం చూస్తున్నారర్రా? దిగండి! తొయ్యండి! ఇద్దరూ!"

ఇద్దరూ దిగారు. ఆ గొంతుకి ఎవరైనా దిగుతారు.

"ఆయన్ని గట్టిగా తొయ్యమనండి" అన్నాడు అన్న. ఆ మాట అందించడానికి మధ్యలో ఎవరూ లేరు. హెడ్మాస్టరమ్మ గారు కదల్లేదు, డాక్టరు గారు తల తిప్పలేదు. కారు కిందికి జారసాగింది.

"తోస్తున్నావా, ఆనుకుని నిలబడ్డావా?" అని చివరికి అన్న నేరుగానే అరిచాడు.

"నేనే తోస్తున్నా! నువ్వే దానికి దణ్ణం పెడుతున్నట్టున్నావు!"

"ఓరి నీ... భుజం పెట్టరా!"

భుజం పెట్టారు. చక్రం కదిలింది. అదే క్షణాన 'పర్ర్'మని పెద్ద చప్పుడు. అన్న వెనక్కి చెయ్యి పెట్టుకుని రాయిలా నిలబడిపోయాడు. తమ్ముడు వంగి చూశాడు.

"ఎవడు కుట్టాడ్రా ఈ ప్యాంటు? పిర్రల దగ్గర ఒంటి కుట్టా?"

"నేనే" అన్నాడు అన్న.

తమ్ముడికి నవ్వాగలేదు. అన్న మొహం కందగడ్డయింది. "నవ్వు, నవ్వు. నీ చొక్కా చూసుకో ముందు. ఒక చెయ్యి ముంజేతికి, ఒక చెయ్యి మోచేతికి!" అన్నాడు. అని తనూ నవ్వాడు.

తమ్ముడు చొక్కా కాలరు కింద గుచ్చుకున్న సూదీదారం తీశాడు. కారు తలుపు తెరిచి, దాని చాటున అన్నని వంచి నిలబెట్టి, రెండు వరసల కుట్టు వేశాడు.

"కదలకన్నయ్యా, గుచ్చుకుంటుంది."

"అమ్మకి ఇది చెప్పకేం."

తర్వాత ఇద్దరూ ఒక్క ఊపున తోసి కారుని ఎత్తెక్కించారు. కుళాయి అప్పటికే ఎవరో తెరిచారు, ఇంజను ఠంచనుగా అందుకుంది.

నర్సు కట్టు విప్పే వేళకి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. చేతులకీ మొహాలకీ మసి. తల్లి కళ్లు చికిలించి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నర్సమ్మా, ఆపరేషను సరిగ్గా కుదిరినట్టు లేదు. మావాళ్లు నల్లగా కనబడుతున్నారు" అంది. అంతలోనే, "నల్లగా ఉంటేనేం, పక్కపక్కనే ఉన్నారు" అని ఇద్దరి చేతులూ పట్టుకుంది.

బయట కారు దగ్గర డాక్టరు గారు పనేమీ లేకపోయినా అద్దం పెట్టి ప్లగ్గులు చూస్తున్నారు. హెడ్మాస్టరమ్మ గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఏవండీ. ఆ వానలో, మీ చెల్లెలూ నేనూ..."

ఆయన దూది వెతుక్కున్నారు.

"నా సన్మానం రోజు? నాతో మాటల్లేని లెక్కల మాస్టారు కూడా తోశాడు."

"అది మాత్రం నిజంగానే..." అని నాలిక్కరుచుకున్నారు డాక్టరు గారు.

"ఏది నిజం, ఏది కుళాయి? చెప్పండి."

"రోగి సంగతులు బయటికి చెప్పకూడదోయ్. వైద్య ధర్మం."

సాయంత్రం గేటు ముందు క్రేను సిద్ధంగా ఉంది. వ్యాపారి తాళ్లు విప్పుతూ, "మేడమ్, ఆసుపత్రి ఎత్తు దగ్గర ఆగిపోయిందటగా? మావాళ్లు చూశారు. కట్టెయ్యమంటారా?" అన్నాడు.

డాక్టరు గారు కొంగ మీద చెయ్యి వేసి, తల వంచుకుని నిలబడ్డారు.

"ఆగలేదు" అన్నారు హెడ్మాస్టరమ్మ గారు. జీవితంలో అబద్ధమెరగని మనిషి, మాట కోసం ఒక్క క్షణం వెతుక్కున్నారు. "ఆలోచించింది."

"అంటే, మేడమ్?"

"అంటే నీకు అర్థం కాదు. వెళ్లు నాయనా."

క్రేను వెళ్లిపోయింది. డాక్టరు గారు నోరు తెరిచి భార్య వంకే చూస్తున్నారు. ఎవరైనా అద్దం పెట్టి పళ్లన్నీ లెక్కపెట్టుకోవచ్చు, అంతలా తెరిచారు.

"నోరు మూసుకోండి. రేపే ఆ ముందు సీటు స్ప్రింగు సంగతి చూడండి. ఇకమీదట నేనక్కడే కూర్చుంటాను. కుళాయి మీద ఒక కన్నుండాలి" అన్నారావిడ. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చారు. "అన్నట్టు, పక్కింటి అత్తాకోడళ్లు పొద్దున్న మళ్లీ అరుచుకున్నారు. వచ్చే ఆదివారం వాళ్లని ఎక్కడికైనా రమ్మందామా?"

అని ఇంట్లోకి వెళ్తూ వెళ్తూ, ఎందుకో కారు తలుపు ఒకసారి తీసి వేశారు.

ధుబ్.

చప్పుడు బాగానే ఉంది.